రంగు కడుక్కుని వచ్చిన చుట్టం

పండక్కి యింటికి రాని చుట్టం ఎవరో చెప్పుకోండి చూద్దాం! పోలీసు కానిస్టేబులు, ఆర్టీసీ డ్రైవరు... వీళ్ళు సరే. ఇంకొకడున్నాడు. నాటకాలాడేవాడు. వూరంతా శివరాత్రి జాగారం చేస్తుంటే ఆ జాగారం చేయించేది వాడే. మన పండగే వాడికి డ్యూటీ!

అలాంటివాడొకడు మా యింట్లోనే వున్నాడు. మా చిన్నాయన కొడుకు. వూరూరా తిరిగి పద్యనాటకాలు వేసే సమాజంలో వుంటాడు. ‘సత్య హరిశ్చంద్ర’లో నక్షత్రకుడు. ఆ వేషం లేని రాత్రి లైట్లు చూస్తాడు, తెర లాగుతాడు. డిగ్రీ వుంది. పెళ్ళి కాలేదు. ఈ రెండూ చెబితే యింట్లో పరిస్థితి మీకు అర్థమయ్యే వుంటుంది.

మొన్న ఆదివారం మా నాయనమ్మ అందర్నీ కొండాపూర్ పిలిపించింది. కొండాపూర్ అంటే హైటెక్ సిటీ పక్కనున్నది కాదు సుమా! సంగారెడ్డి దగ్గరిది. శాతవాహనుల కాలం నాటి దిబ్బలున్న వూరు. తవ్వితే దొరికిన నాణేలూ, పూసలూ, కాల్చిన మట్టిబొమ్మలూ అక్కడి మ్యూజియంలో వున్నాయి. చిన్నప్పుడు మావాడు ఆ బొమ్మల ముందు నిలబడి అచ్చం అలాగే మొహం పెట్టేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. ‘ఆనాడు మీరు నవ్వకపోతే వాడు బాగుపడేటోడు’ అని చిన్నాయన నన్ను యిప్పటికీ దెప్పుతాడు.

మా వాళ్ళల్లో సగంమందికి అన్నం పెట్టేది పటాన్‌చెరు కంపెనీలే. ఫస్టు షిఫ్టు దిగినవాళ్ళు చెప్పులు విప్పుతుంటే సెకండు షిఫ్టువాళ్ళు బగారన్నం తినేసి లేస్తుంటారు. అందరూ కలిసి వుండే అరగంట చూసుకుని ఫోటో దిగాలి. మావాడు సరిగ్గా ఆ అరగంట దాటాక దిగాడు. ముందు రాత్రి కరీంనగర్ వైపు ఆట, మర్నాటి రాత్రి పాలమూరు వైపు ఆట. మధ్యలో వాడికి దొరికింది ఒక్క సాయంత్రం, ఒక్క రాత్రి.

నాయనమ్మ దగ్గరికి తీసుకుని చెవి వెనక చూసింది. గులాబీరంగు యింకా అంటుకునే వుంది.

“ఏంరా, మొఖం గూడ సక్కగ కడుక్కోలేదా?” అని కొంగుతో తుడిచింది.

“బస్సుకు యాళ్ళయింది నాయనమ్మా!”

చిన్నాయన మాత్రం రంగు గురించి అడగలేదు. “మా కంపెనీల జాగ ఖాళీ వుంది. సోమారం వచ్చి సంతకం పెట్టు. పీఎఫ్ వుంటది, ఈఎస్ఐ వుంటది,” అన్నాడు. చేతులు కడుక్కునేటప్పుడు ఒకసారి, వక్క నోట్లో వేసుకునేటప్పుడు ఒకసారి, మంచం వాల్చేటప్పుడు యింకోసారి. అసలు నక్షత్రకుడెవరో నాకు అనుమానం వచ్చింది!

సినిమా పత్రికలో యీ నాటకాల గొడవేమిటి అంటారా? 1932లో వచ్చిన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన నాటకాల కుటుంబం నుంచే. ఆ కుటుంబాల తీరే వేరు. తాతది ఒక వేషం, మనవడిది ఒక వేషం. కోడలు ద్రౌపది అయితే మామ తెర వెనక తీగె లాగి ఘటోత్కచుణ్ణి గాల్లోకి లేపుతాడు. ఆ పరంపరలోని నాగేశ్వరరావుగారికి, అదే మన సురభి బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. పటాన్‌చెరు నుంచి సిటీకి పోయే దారిలోనే, శేరిలింగంపల్లిలో, సురభి కాలనీ వుంది. వాళ్ళకి చుట్టాలందరూ కలవడమూ, నాటకం ఆడటమూ ఒకటే. సెలవు పెట్టక్కర్లేదు!

ఇంకో దారి కోట శ్రీనివాసరావుగారిది. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకెక్కకముందు ఆయన బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలాడారు. జయప్రకాశ్‌రెడ్డిగారు బడిపంతులు. పగలు జీతం, రాత్రి వేషం. మరి మావాడికో? నాటకాల వంశం లేదు, బ్యాంకు లేదు. వున్నదల్లా గొంతే.

రాత్రి కరెంటు పోయింది. పిల్లలంతా వాణ్ణి పట్టుకుని వేషం కట్టమన్నారు. వాడు తువ్వాలు భుజాన వేసుకుని, గొడుగు చంకన పెట్టుకుని లేచాడు. నేరుగా చిన్నాయన ముందుకెళ్ళి నిలబడ్డాడు.

“హరిశ్చంద్రా! మా గురువుగారి బాకీ ఎప్పుడు తీరుస్తావు?”

ఒక్కటే నవ్వులు! వాడు ఎండకి ఓర్చలేనంటాడు, నడవలేనంటాడు, మోయమంటాడు. పొద్దుటి నుంచి వాణ్ణి వాయించిన మనిషి చుట్టూనే తిరుగుతూ వాయిస్తున్నాడు. నాయనమ్మ కళ్ళొత్తుకుంటూ, “కాటిసీను చెయ్యరా,” అంది. జాషువాగారి శ్మశాన పద్యాలు కలిసిపోయిన సీను అది. వాడిది ఆ వేషం కాదు. కాని రోజూ తెర పక్క నుంచి విని విని వాడికి మొత్తం వచ్చు. హార్మోనియం లేదు, లైటు లేదు. గొంతొక్కటే చీకట్లోంచి వచ్చింది. షిఫ్టు నుంచి అలిసివచ్చిన మా బావ కూడా నిద్రపోలేదు.

పద్యం ఆగాక చిన్నాయన మెల్లగా అడిగాడు: “ఏడాదిల ఎన్ని రాత్రులు ఆట దొరుకుతది?”

“మస్తుగ దొరికితే తొంబై.”

“మిగిలిన దినాలు?”

నక్షత్రకుడు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. రాసినప్పుడే డబ్బులొచ్చే నాలాంటివాడు ఆ లెక్కలో వేలు పెట్టకపోవటమే మంచిది!

ఆలోచిస్తే అసలు ప్రశ్న అదే. నాటకం చచ్చిపోతోందని మనం సభలు పెట్టి ఏడుస్తాం. చప్పట్లు కొట్టే రాత్రి నటుడు బాగానే వుంటాడు. వాణ్ణి చంపేవి మిగతా రోజులు. ఆ రోజుల సంగతి ఏ సన్మానపత్రంలోనూ వుండదు.

తెల్లారి అయిదింటికి చిన్నాయన స్కూటరు తీశాడు. కంపెనీకేమో అనుకున్నాం. కొడుకుని సంగారెడ్డి బస్టాండుకి దింపడానికి! నేనూ వెనకాల బండి మీద వెళ్ళాను. బస్సు కదిలేముందు ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, “ఒక్క ఏడాది గడువు. గంతే,” అన్నాడు. సద్ది మూట చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో నేను నవ్వుతూ, “గడువులోగా బాకీ తీరుతుందంటావా చిన్నాయనా?” అన్నాను.

“ఏమో!” అన్నాడాయన. కాసేపాగి, “ఆ రెండో పద్యం... ఇంకొక్కసారి పాడించాల్సుండె,” అన్నాడు.

పాలమూరు వైపు పాఠకులారా! మీ వూళ్ళో హరిశ్చంద్ర ఆడితే టీవీ కట్టేసి వెళ్ళండి. నక్షత్రకుడి చెవి వెనక రంగు కనబడితే వాడు మావాడే. గట్టిగా చప్పట్లు కొట్టండి. గడువు నడుస్తోంది!