కూలోళ్లు దొరకడం లేదా, లొంగడం లేదా?

"కూలోళ్లు దొరకడం లేదు. ఉపాధి పని వాళ్లను సోమరులను చేసింది." అనంతపురం జిల్లాలో ఆసాముల నోట ఇదే మాట.

నిజంగా కూలోళ్లు తగ్గారా? జనాభా లెక్కలు చూడండి. 2001లో దేశంలో సేద్యగాళ్లు 12.7 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.7 కోట్లు. 2011కి లెక్క తిరగబడింది. సేద్యగాళ్లు 11.9 కోట్లకు దిగారు, కూలీలు 14.4 కోట్లకు ఎక్కారు. కొందరు బెంగళూరుకు వలస పోతున్నది నిజమే. ఇక్కడ కూలి గిట్టకే పోతున్నారు. దొరకనిది మనిషి కాదు, ఇచ్చిందే చాలని తలొంచుకునే మనిషి!

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. ఏడాదికి 100 రోజుల పని, ఆడామగకు ఒకటే రేటు. సెంటు భూమి లేని మాల, మాదిగ ఆడోళ్లకు "ఆ కూలికి మేం రాం" అనే దమ్ము దాంతో వచ్చింది. చెనిక్కాయ పెరికే కాలంలో ఆసామే వాడకొచ్చి రేటు అడగాల్సొచ్చింది. కడుపుమంట అందుకే!

2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజులని పైకి చెప్పింది. విత్తే, కోసే కాలంలో 60 రోజుల దాకా పని ఆపొచ్చని లోపల రాసింది. అంటే, మన కూలికి గిరాకీ ఉన్న రోజుల్లోనే మన చేతికర్ర లాక్కుంటారన్నమాట. ఇది ఎవరి కోసం?

అక్కలారా, అన్నలారా! ఆ రోజులు రాకముందే వాడవాడలా కూర్చోండి. ఊరంతా ఒకటే రేటు తేల్చుకోండి. ఒకరు తగ్గితే అందరూ తగ్గినట్టే. ఆపితే ఉపాధి పని ఆపగలరు, మన నోరు ఆపలేరు!