నలుగురు సుబ్బారాయుళ్ళు

మోపిదేవి చుట్టుపక్కల ఏ వీధిలోనైనా నిలబడి "సుబ్బారాయుడూ!" అని పిలిచి చూడండి. ఒకరు కాకపోతే ఒకరు పలుకుతారు. స్వామివారి పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు అరుదు. మా ఇంట్లోనే నాలుగు తరాల్లో నలుగురున్నారు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం కదా! అయినా మాకెవరికీ తికమక లేదు. పెద్ద సుబ్బారాయుడు, నల్ల సుబ్బారాయుడు, బందరు సుబ్బారాయుడు, చిన్నబాబు – అంతే. తికమకపడింది కంప్యూటరు.

సంగతేమిటంటే, ఈమధ్య మా అన్నయ్యకి సహస్ర చంద్ర దర్శనం తలపెట్టాం. అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి, అంటే నా మేనల్లుడు, ఆ రోజుకి మా వంశవృక్షం పెద్దగా అచ్చు వేయించి గోడకి కడతానన్నాడు. వాడూ నేనూ పదేళ్ళుగా పోగుచేసిన వివరాలన్నీ వాడి దగ్గర 'జెడ్‌కామ్' అనే పద్ధతిలో ఉన్నాయి. నేనేమో ఎక్సెల్ పట్టిక తప్ప మరోటి ఎరగను. అంచేత పట్టికగా మార్చి పంపాడు. నేను దిద్ది పంపితే మళ్ళీ వెనక్కి మార్చుకుంటాడట.

ఈ జెడ్‌కామ్ సాల్ట్ లేక్ సిటీలోని మోర్మన్ చర్చి వాళ్ళు 1984లో తయారుచేసిన పద్ధతి. వంశవృక్షాలు ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పోవడానికి ప్రపంచమంతా దీన్నే వాడుతోంది. చూస్తే మెట్లు మెట్లుగా ఉంటుంది. ప్రతి పంక్తికీ ముందు ఒక అంకె. సున్న మీద మనిషి. ఒకటి మీద ఆ మనిషి పుట్టుకో చావో. రెండు మీద దాని తేదీ, ఊరు, కారణం. పెళ్ళికి విడిగా ఒక చీటీ, అందులో భార్యాభర్తల నంబర్లు, పిల్లల నంబర్లు.

పట్టికలో మెట్లు లేవు. మనిషికి ఒక వరస, విషయానికి ఒక గడి. మెట్లను నేలకు చదును చేస్తే ఏదో ఒకటి రాలిపోకుండా ఉంటుందా?

తెరిచీ తెరవగానే మా ఇంటిపేరు ఉండవలసిన చోట ఏవో పిచ్చి గీతలు. యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిని ఎంచుకుని తెరవాలట. అలా తెరిస్తే తెలుగు తెలుగులా కనబడింది. తరువాత వయసు ప్రకారం వరస పెట్టమన్నాను. మా ముత్తాత ముని మనవల కింద కూర్చున్నారు! ఎక్సెల్ దృష్టిలో లోకం 1900 జనవరి 1న మొదలయింది. అంతకుముందు తేదీలు దానికి తేదీలు కావు, ఉత్త మాటలు. మాటలన్నీ అంకెల తరువాతే. ఇక తండ్రి గడిలో నంబరు లేక పేరు మాత్రమే ఉండటంతో నల్ల సుబ్బారాయుడి పిల్లలు పోయి బందరు సుబ్బారాయుడి ఇంట్లో పడ్డారు.

ఇవన్నీ నవ్వుకుంటూనే దిద్దాను. సగం దూరం వెళ్ళాక చెయ్యి ఆగిపోయింది.

మా మేనత్త వరసలో మరణం గడి ఖాళీగా ఉంది. ఆ పక్కన 'జీవించి ఉన్నారు' అని ఉంది. మామయ్య వరసలోనూ అంతే. ఇద్దరు బావలకీ, పెద్ద బావ భార్యకీ అంతే.

వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, అత్తయ్య వాళ్ళ తేదీలేమయ్యాయిరా?"

"అవా అత్తయ్యా! వరసగా అందరికీ ఒకటే తేదీ ఉంది. పై గడిలోది పొరపాటున కిందికి దిగిపోయిందనుకుని తుడిచేశాను. అందరూ ఒక్కరోజున ఎలా పోతారు?"

ఏం చెప్పను? 1977 నవంబరు 19. మా అత్తయ్యది నాగాయలంక అవతల, సముద్రం దగ్గర ఊరు. ఆ రాత్రి ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. అందరూ ఒక్కరోజునే పోయారు. వాడు అప్పటికి పుట్టలేదు.

వాడిని తప్పు పట్టలేను. జెడ్‌కామ్‌లో ఆ తేదీ పక్కనే, మరణ కారణం 'ఉప్పెన' అని నేనే చెప్పి వ్రాయించాను. పట్టికగా మారేటప్పుడు తేదీ వచ్చింది, కారణం రాలేదు. కారణం లేని తేదీ వాడికి తప్పులా కనబడింది.

అనుమానం వచ్చి మనుషులను లెక్క పెట్టాను. పాత దానిలో 214 మంది, పట్టికలో 213. ఎవరా ఒక్కరు? పెద్ద బావ కూతురు. బారసాల ఇంకా కాలేదు. పేరు లేని వరస ఖాళీదే కదా అని వాడు తీసేశాడు.

ఫోన్లో వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పేరు గడిలో ఏం వ్రాయను అత్తయ్యా?" అన్నాడు.

"పాప అని వ్రాయి. కారణం గడి కూడా పెట్టు" అన్నాను.

సహస్ర చంద్ర దర్శనం నాడు అన్నయ్య ఆ గోడ దగ్గరికి వెళ్ళి, ఆ ఆరు పేర్లూ వేలుతో తాకి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక్కమాట అనలేదు.

మీ ఇళ్ళలోనూ ఇప్పుడు పిల్లలు ఇలాంటివి తయారుచేస్తున్నారు. సంతోషమే. నాలుగు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. మనిషికి ఒక నంబరు ఇవ్వండి, తలిదండ్రులను పేరుతో కాక నంబరుతో కలపండి. పెళ్ళిళ్ళకు వేరే పట్టిక పెట్టండి. లేకపోతే రెండు పెళ్ళిళ్ళయిన తాతగారికి ఒక భార్య మాయమవుతుంది. పాత తేదీలు సంవత్సరం, నెల, రోజు అని మూడు గళ్ళలో వ్రాయండి. మార్చాక తలలు లెక్కపెట్టండి; లెక్క కుదిరేదాకా మొదటి ప్రతిని పారెయ్యకండి.

అన్నిటికంటె ముఖ్యం, ఏదైనా తుడిచేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి. వాళ్ళున్నప్పుడే అడగాలి.