అంగడికి చరిత్ర ఉండదా?

గుడి కూలితే ఊరు కదులుతుంది. కోట కూలితే పత్రికలు వ్రాస్తాయి. అంగడి కూలితే మాత్రం "పాతబడింది, పోనీండి" అంటాము. ఈ తేలికభావం మీదనే నా ఆక్షేపణ.

మన ప్రబంధకవులకు ఇది లేదు. పురవర్ణనకు పూనుకున్న కవి మేడలతో పాటు అంగడివీథిని, వర్తకుల సిరిని పలుకరించనిదే కథలోనికి పోడు. ఆ చూపు నేటి పాలకులకు కొరవడింది.

హైదరాబాదులోని మొజంజాహి మార్కెట్టును చూడండి. లారీల ఊరు సాలూరువాడికి భాగ్యనగరపు బజారు గొడవ ఎందుకని నవ్వకండి. సరుకు మోసి బ్రతికిన ఊరికి సరుకు దిగే చోటు విలువ తెలుసు. ఏడవ నిజాము ఏలుబడిలో, 1935లో, ఆయన రెండవ కుమారుని పేరిట వెలసిన రాతికట్టడమది. కూడలికి ఎదురుగా గడియారపు గోపురం, దానికి ఇరువైపులా చేతులు చాచినట్లు దుకాణాల వరుసలు. పండ్ల వ్యాపారం దానికి ప్రాణం. తరువాత ఆ టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలింది. (ఆ మార్కెట్టునూ 2022లో నేలమట్టం చేశారు!)

1981 నాటి హైదరాబాదు నగర నిబంధనలకు 1995లో పదమూడవ నిబంధనను చేర్చారు. నూటికి పైగా కట్టడాలకు అది కాపు. ఈ మార్కెట్టు కూడ అందులోనిదే. 2015 డిసెంబరులో ఆ నిబంధననే ప్రభుత్వం తొలగించింది. 2018లో అదే ప్రభుత్వం మార్కెట్టు బాగుకు పూనుకొని, 2020 ఆగస్టులో దీపాలంకరణతో తిరిగి తెరిచింది. పని చక్కగా చేశారు, కాదనను. రంగుల పొరల క్రింద మగ్గిన రాయి మళ్ళీ వెలుగు చూసింది. అయితే కాపును తీసివేసిన చేతితోనే కానుక ఇస్తే దానిని రక్షణ అనవచ్చునా? అధికారికి మనసైతే నిలిచేది, లేకుంటే కూలేది ఆశ్రితుని బ్రతుకు.

2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చిందిగా అందురేమో. వచ్చిన రెండేండ్లకే, 2019 జూన్‌లో, ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిశ్చయించింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయబట్టి గాని అది నిలువలేదు! నవాబుగారి మేడకే ఈ గతి పట్టబోతే పండ్లకొట్లకు దిక్కెవరు?

కేంద్రపు 1958 చట్టం నూరేండ్లకు తక్కువ కాని వాటినే ప్రాచీన కట్టడాలంటుంది. ఆ లెక్కన మొజంజాహికి 2035 దాకా వయసు చాలదు. మన జిల్లాలలో అంతకన్న చిన్న వయసు సంతపాకలు, అంగడివరుసలు ఎన్ని లేవు? అవి నూరేండ్లు నిండేదాకా బుల్డోజరు ఆగుతుందా? ఆ పదమూడవ నిబంధన వంటిది రెండు రాష్ట్రాలలోనూ రావాలి. అందులో అంగళ్ళకు వయసుతో పని లేకుండ చోటు ఇవ్వాలి.