కోర్టు గడప దాకా రాని కేసులు: గ్రాండ్ జ్యూరీ నుంచి మనం నేర్చుకోవాల్సింది

2020 మార్చి 13న అర్ధరాత్రి దాటాక అమెరికాలోని లూయీవిల్ నగరంలో పోలీసులు సోదా వారంటుతో బ్రియోనా టేలర్ ఇంటి తలుపు బద్దలుకొట్టారు. ఆమె 26 ఏళ్ల నల్లజాతి యువతి. ఎవరో ఇంట్లోకి చొరబడుతున్నారనుకుని ఆమె స్నేహితుడు ఒకసారి కాల్చాడు. పోలీసుల ఎదురుకాల్పుల్లో ఆమె చనిపోయింది. సెప్టెంబర్ 23న గ్రాండ్ జ్యూరీ ఒక్క అధికారిపైనే అభియోగం మోపింది. అదీ ఆమె మరణానికి కాదు, పక్క ఫ్లాట్‌లోని వాళ్ల ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు.

గ్రాండ్ జ్యూరీ శిక్ష వేయదు. కేసు విచారణకు వెళ్లేంత ఆధారం ఉందా లేదా అన్నదే తేలుస్తుంది. అందులో కూర్చునేది సాధారణ పౌరులే. రాజ్యం ఇష్టమొచ్చినట్టు కేసులు పెట్టకుండా అడ్డుకోవడానికి పుట్టిన ఏర్పాటిది. కానీ అంతా రహస్యంగా సాగుతుంది. బాధితుల తరఫు లాయరుకు చోటుండదు. ఏ సాక్షిని పిలవాలో, ఏ సెక్షన్ ముందు పెట్టాలో ప్రధానంగా ప్రాసిక్యూటరే నిర్ణయిస్తాడు. రోజూ పోలీసులతో కలిసి పనిచేసే ప్రాసిక్యూటర్, పోలీసే నిందితుడైతే ఎంత గట్టిగా నిలబడతాడు?

టేలర్ కేసులో జ్యూరీ సభ్యులే కోర్టు అనుమతి తీసుకుని నోరు విప్పారు. హత్యకు సంబంధించిన అభియోగాలు తమ ముందు పెట్టనేలేదన్నారు. అంటే జనం పేరు మీద వెలువడిన నిర్ణయంలో జనాన్ని అసలు ప్రశ్న అడగలేదు. ఆ అధికారి 2022లో రాష్ట్ర కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. టేలర్ పౌరహక్కులను ఉల్లంఘించాడని 2024లో ఫెడరల్ కోర్టులో దోషిగా తేలాడు.

ఇది కొత్త కథ కాదు. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపినవాళ్లను తెల్లవాళ్ల జ్యూరీ వదిలేసింది. కిడ్నాప్ కేసునైతే గ్రాండ్ జ్యూరీ విచారణ దాకా కూడా రానివ్వలేదు. 2014లో ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్‌ను కాల్చిన పోలీసుపైనా అభియోగం లేదు.

మన దగ్గర గ్రాండ్ జ్యూరీ లేదు. కానీ ఆ తలుపు మనకూ తెలుసు. ఎఫ్ఐఆర్ దగ్గర, ఛార్జిషీటు దగ్గర అది మూసుకుంటుంది. రోహిత్ వేముల కేసును మూసేస్తూ తెలంగాణ పోలీసులు ఇచ్చిన నివేదిక 2024 మేలో బయటకొచ్చింది. అతను దళితుడే కాదని అందులో రాశారు. నిరసన వచ్చాకే తదుపరి దర్యాప్తు చేస్తామన్నారు.

అయితే మన చేతిలో ఆయుధాలు లేకపోలేదు. కేసు మూసేసే ముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్, బెయిలు మొదలుకొని శిక్ష దాకా బాధితుల మాట వినాలంటుంది. తన విధిని కావాలని నిర్లక్ష్యం చేసే అధికారిని 4వ సెక్షన్ శిక్షిస్తుంది.

తీర్పు వచ్చిన రోజు ధర్నాకు వెళ్తున్నాం. ఇకపై ఛార్జిషీటు రాసే రోజే స్టేషన్ ముందు ఉందాం.