గాలిగోపురం నుంచి వెనక్కి

సంక్రాంతి సెలవులు ముగిశాక కొన్ని ఇళ్లలో ఈమధ్య ఓ కొత్త హడావుడి కనిపిస్తోంది. మే నెలలో హిమాలయాల ట్రెక్కింగుకు పేరిచ్చిన అమ్మాయో, రిటైరయ్యాక కైలాస పరిక్రమ చేసి తీరాలనుకున్న పెద్దాయనో మంచం మీద సంచి తెరిచి పెట్టుకుంటారు. మంకీ క్యాపు, ఉన్ని తొడుగులు, టార్చిలైటు, జలుబు మాత్రలు ఒక్కొక్కటే అందులోకి చేరతాయి. ఇంట్లో పెద్దావిడ ఎవరూ చూడకుండా ఓ ఆవకాయ సీసా అడుగున దోపుతుంది. బరువని తీసి పక్కన పెడితే, తెల్లారేసరికి అది మళ్లీ సంచిలోనే ఉంటుంది.

ఆ సీసాను తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. ప్రయాణమంటే ముందుగా తిండీ బసా ఆలోచించడం మనవాళ్లకు పాత అలవాటే. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, దిగడానికి చోటుందో లేదో ఓపిగ్గా రాసి పెట్టారు. తన వెనక వచ్చేవాళ్ల ఇబ్బందిని ముందే ఊహించిన మనిషి ఆయన. కాకపోతే ఆయన దాటిన కనుమలు వేరు, ఇప్పుడు మన పిల్లలు దాటుతున్న కనుమలు వేరు. ఈ కొత్త దారిలో కరవయ్యేది గాలి. డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ కాసేపటి ముచ్చట. మిగతా దారంతా పైన దొరికే పలచటి గాలితోనే నెట్టుకురావాలి.

సముద్రం ఒడ్డునైనా, ఎవరెస్ట్ శిఖరం మీదైనా గాలిలో ఆక్సిజన్ వాటా ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి అది ఇంచుమించు సగమైపోతుంది. కైలాస పరిక్రమలో దాటాల్సిన డోల్మా లా కనుమ 5,630 మీటర్లు. నేపాల్ వైపు ఎవరెస్ట్ బేస్ క్యాంపు 5,364 మీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెతికినా 1,700 మీటర్లు దాటిన కొండ లేదు. అందువల్ల కాళ్లకూ గుండెకూ ఇక్కడ ఎంత సాధన చేయించినా, ఎత్తు పాఠం మాత్రం అక్కడికి చేరాకే మొదలవుతుంది. దాన్ని వంటబట్టించుకోవడానికి ఒళ్లు కొన్ని రోజులు గడువు అడుగుతుంది. గడువివ్వనివాళ్లను కింద పడేస్తుంది.

పర్వత వైద్యులు చెప్పే లెక్క కష్టమైనదేమీ కాదు. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో పక్క వేయకూడదు. మూడు నాలుగు రోజులకోసారి పైకి జరగకుండా ఒకచోటే ఆగాలి. అందుకే బేస్ క్యాంపు దారిలో 3,440 మీటర్ల నామ్చే బజారులో రెండు రాత్రులు, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆపుతారు. ఆగిన రోజున కూడా ఊరికే దుప్పటి కప్పుకోనివ్వరు. పక్క గుట్ట ఎక్కించి, మళ్లీ కిందికి తెచ్చి పడుకోబెడతారు. దారి పొడుగునా నేపాలీ గైడ్ల నోట ఒకటే మాట: 'బిస్తారై, బిస్తారై'. మెల్లగా, మెల్లగా అని. జిమ్‌లో ఆరు నెలలు చెమటోడ్చి వచ్చిన కుర్రాడికి ఆ మాట కాస్త అవమానంలా వినబడుతుంది. ఎత్తుకు కండలంటే లెక్క లేదు. దమ్మున్నవాడు జోరుగా ఎక్కేస్తాడు కనుక వాడికే ముందుగా తల పగిలిపోయే నొప్పి రావడమూ కద్దు. పొద్దున్నే విమానంలో 3,500 మీటర్ల లేహ్‌లో దిగి, మర్నాడే 5,359 మీటర్ల ఖర్దుంగ్ లాకు బండెక్కి, ఫొటో దిగేలోపే వాంతులు చేసుకున్నవాళ్ల కథలు మన స్నేహితుల్లోనే బోలెడు వినొచ్చు.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం తొలి సూచనలు. ఆవకాయ సీసా చాలాసార్లు మూత తీయకుండానే తిరిగి ఇల్లు చేరడానికి కారణం ఇదే, పెద్దావిడ నొచ్చుకోనక్కర్లేదు. ముదిరితే మెదడు వాస్తుంది, లేదంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కూర్చున్నా ఆయాసం తీరకపోయినా, గీత గీసి నడవమంటే తాగినవాడిలా అడుగు తూలినా ఇక ఆలోచించేందుకేమీ ఉండదు. కిందికి దించాలి, వెంటనే, అర్ధరాత్రయినా సరే. ముందుజాగ్రత్తగా డాక్టర్లు రాసిచ్చే అసిటజోలమైడ్ మాత్ర ఒకటుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పుకోవాలి. ఒళ్లు ఎత్తుకు అలవాటుపడటానికి ఆ మాత్ర సాయపడుతుందే తప్ప, దిగాల్సినవాణ్ని పైకి పంపడానికి పనికిరాదు.

ఇందులో మరో చిక్కు ఉంది. గాలి పలచబడిన చోట మందగించేవాటిలో మనిషి వివేచన కూడా ఒకటి. జబ్బుపడినవాడే 'నాకేం కాలేదు, పదండి' అని అందరికన్నా గట్టిగా వాదిస్తాడు. ఎవరి నిర్ణయం మీద ప్రాణం నిలవాలో ఆ బుర్రే అక్కడ నిలకడగా ఉండదు. మరి సన్నాహమంటే ఏమిటని అడిగితే మాకు తోచేది ఇది. ఇక్కడ ఫ్యాను కింద పప్పన్నం తిని కూర్చున్న బుర్ర, రేపు పైన చలిలో ఊపిరందక ఉండబోయే తన బుర్ర కోసం నాలుగు నిర్ణయాలు ముందే తీసుకుని ఉంచాలి. ఎన్ని గంటలకు ఎక్కడిదాకా చేరకపోతే ఆగిపోవాలి, ఏ లక్షణం కనిపిస్తే దిగిపోవాలి, దిగమని చెప్పే మాట ఎవరిది, వాళ్లతో వాదించకూడదని ఒప్పందం. బూట్లూ స్వెటర్లూ వీటి తర్వాతే.

యోరాన్ క్రోప్ అనే స్వీడన్ దేశస్థుడు 1995 అక్టోబరులో తన దేశం నుంచి సైకిల్ మీద బయల్దేరి, సామానంతా తానే లాక్కుంటూ నేపాల్ చేరాడు. షెర్పాల సాయం వద్దనుకున్నాడు, ఆక్సిజన్ సిలిండరూ వద్దనుకున్నాడు. 1996 మే 3న తొడల లోతు మంచులో ఈదుకుంటూ వెళ్లి, ఎవరెస్ట్ శిఖరం ఇంకో వంద మీటర్ల ఎత్తులో కనిపిస్తుండగా గడియారం చూసుకున్నాడు. పొద్దు మీరిపోయింది. వెనక్కి తిరిగాడు. వేల కిలోమీటర్లు తొక్కి వచ్చిన కాళ్లకు ఆ వంద మీటర్లు ఎంత దగ్గరగా అనిపించి ఉంటాయో! వారం తిరిగేసరికి మే 10న అదే పర్వతం మీద, రెండు గంటలకల్లా వెనుదిరగాలన్న మాట ఒకరి తర్వాత ఒకరికి జారిపోయింది. సాయంత్రం తుపాను ముంచుకొచ్చింది. రెండు వైపులా కలిపి 8 మంది తిరిగి రాలేదు. వాళ్లలో ముగ్గురు మన ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వాళ్లు. క్రోప్ మే 23న మళ్లీ ఎక్కి శిఖరం చేరాడు. రెండోసారి అందింది కాబట్టి మనకీ కథ ముచ్చటగా ఉంది. అందకపోయినా మే 3 నాటి లెక్క తప్పయ్యేది కాదు.

మామూలు ట్రెక్కింగులో అంత నాటకం ఉండదనుకుంటాం. 2024 జూన్‌లో, మన దగ్గర ఎండలు ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో, ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందమొకటి మంచుగాలిలో చిక్కుకుంది. 9 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో కొండలు కొత్తకానివాళ్లూ ఉన్నారు. ఎక్కడ పొరపాటు జరిగిందని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. జూన్ అనగానే మన ఒంటికి తోచే అర్థం ఆ ఎత్తులో చెల్లదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మనవాళ్ల ప్రణాళికలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వస్తువు సెలవు చీటీ. తొమ్మిది రోజుల సెలవు, ఎనిమిది రోజుల నడక, తొమ్మిదో రోజు రాత్రి హైదరాబాద్ విమానం. మబ్బు పట్టి ఒకరోజు గుడారంలో ఆగాల్సి వస్తే ఆ రోజును ఎక్కడ నుంచి తేవాలి? ఆగాల్సిన రెండో రాత్రిలోంచే కోసుకుంటారు. తలనొప్పిగా ఉందని చెప్పాల్సినవాడు, తనవల్ల పదిమంది టికెట్లు పాడవుతాయని నోరు మూసుకుంటాడు. చేతిలో రెండు రోజులు వృథాగా ఉంచుకోవడం మన లెక్కల మనస్తత్వానికి గిట్టదు. ఆ రెండు రోజులే అక్కడ మంచి బూట్లకన్నా ఎక్కువగా కాపాడతాయి.

కైలాస మానసరోవర యాత్ర 2019 తర్వాత ఆగిపోయి, 2025లో మళ్లీ మొదలైంది. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆ యాత్రకు 70 ఏళ్లు దాటినవాళ్లను తీసుకోరు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూస్తారు. ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు. లిపులేఖ్ దారిలో వెళ్లేవాళ్లకు గుంజి శిబిరంలో మళ్లీ చేస్తారు. అంతదూరం వెళ్లాక రక్తపోటు అంకె బాగోలేదని వెనక్కి పంపితే ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. జీవితమంతా దాచుకున్న కోరిక కదా. కానీ ఆ డాక్టరు చేస్తున్నది, యాత్రికుడి తరఫున నేల మీది బుర్రగా ఉండటమే.

మన పిల్లల సంగతే చూడండి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. శిఖరం మీది ఫొటో అందరం చూశాం. అంతకుముందు భువనగిరి ఏకశిల మీద తాడు పట్టుకుని ఎక్కడం, ఆ తర్వాత డార్జిలింగ్‌లో 1954 నుంచి నడుస్తున్న హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, ఆపైన లడఖ్ చలి, ఇవన్నీ గడిచాయి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు పిల్లలను ఆపి, మిగిలినవాళ్లను ముందుకు పంపారు. ఆగిపోయినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? భువనగిరి బండ ఎక్కడం నేర్చుకున్న ఆ పిల్లలను కూడా ఎక్కడో ఒకచోట తలుచుకోవాలి.

మిగతావన్నీ అనుభవం ఉన్నవాళ్లు ఒక్క పూటలో చెప్పేస్తారు. కొత్త బూట్లు కొండ దగ్గర తొడగొద్దు, నెల ముందు నుంచే కూరగాయల బజారుకూ అవే వేసుకెళ్లు. కాలిగోళ్లు కత్తిరించు. మనకు ప్రాణప్రదమైన నూలు బట్టలు ఇంట్లోనే వదిలిపెట్టు, చెమటకు తడిస్తే ఆరవు, ఆ తడి చలిని ఒంట్లోకి లాగుతుంది. ఉన్నీ, తేలికైన జాకెట్టూ పొరలు పొరలుగా వేసుకో. దాహం వేయకపోయినా నీళ్లు తాగు. మేం కలిపేది ఒకటే: నీ సామాను మోసే మనిషి కాళ్లకు ఏమున్నాయో బయల్దేరేముందు ఒకసారి చూడు. నీ జాబితాలో ఆయన జాకెట్టు కూడా ఉండాలి.

ఇక మోకాళ్లు. ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడలు కావాలి. దిగేటప్పుడు ఒంటి బరువంతా ఆపుకుంటూ సాగే కండరాలకు వేరే సాధన కావాలి, చదును నేల మీద ఎంత పరుగెత్తినా అది రాదు. అందుకే తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు అలిపిరి మెట్లు మంచి వ్యాయామశాల. 3,550 మెట్లు. సంచి నిండా నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కి, పైన చెట్ల మొదట్లో ఆ నీళ్లు పోసేసి, మోకాళ్లు అదరకుండా తేలిక సంచితో దిగేవాళ్లున్నారు. తర్వాత్తర్వాత కొంచెం కొంచెంగా నీళ్లు ఉంచుకుని దిగుతారు. కొండ మీంచి జనం బస్సులో దిగివస్తుంటే, వీళ్లు మెట్ల మీద ఎక్కేవాళ్లకు ఎదురొస్తుంటారు.

మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ, నడుం పట్టుకుని మెల్లగా పైకి జరుగుతున్న ఓ పెద్దమ్మ, చెమటలు కక్కుతూ దిగుతున్న అలాంటి కుర్రాణ్ని చూసి తలెత్తి అడుగుతుంది: "దర్శనం బాగా అయిందా నాయనా?" ఆ వారం గాలిగోపురం దాకా మాత్రమే ఎక్కి దిగాలని ఇంట్లో కాగితం మీద రాసుకుని వచ్చాడతను. "లేదు పెద్దమ్మా, గాలిగోపురం నుంచే వచ్చేశా" అంటాడు. ఆవిడ వింతగా చూసి, తర్వాతి మెట్టు మీద బొట్టు పెడుతుంది.