అతిథులొస్తే వంటింట్లోనేనా?

‘రేపు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, అట్నుంచటే భోజనానికొస్తాం’ అని చుట్టాల ఫోను. అప్పుడు మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మొదట్నుంచీ తిరగేసే తీరికెక్కడిది? పచ్చళ్లకొకటి, టిఫిన్లకొకటి అంటూ వచ్చే చిన్న పుస్తకాలే అక్కరకొస్తాయి. కొనేముందు మాత్రం, ముందురోజే చేసిపెట్టుకోదగ్గవేవో అందులో రాశారా అని చూడండి. పులిహోరకు పులుసు రాత్రే ఉడికించుకోవచ్చు. పెరుగు వడలు పొద్దున్నే నానేస్తే మధ్యాహ్నానికి మెత్తబడతాయి. అదే పూరీలు పెట్టుకున్నామో, అందరూ కబుర్లాడుతూ తింటుంటే మనం పొయ్యి దగ్గరే! ‘తగినంత ఉప్పు, సరిపడా చింతపండు’ అని దాటేయకుండా, పావుకిలో బియ్యానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు, ఇన్ని చెంచాల ఉప్పు అని లెక్క చెబితే మరీ మంచిది. అది చూసి మగవాళ్లయినా పులిహోర కలిపేస్తారు.