‘అప్‌డేట్ విఫలమైంది’ అంటే సరిపోదు, ఎందుకో చెప్పాలి

బ్రౌజర్ అప్‌డేట్ కాలేదని సందేశం వస్తే చాలామంది దాన్ని మూసేసి పాత వెర్షన్‌తోనే పని కానిచ్చేస్తారు. కొందరు నెట్‌లో వెతికి, కనిపించిన మొదటి లింకు నుంచి కొత్తది దించుకుంటారు. మొదటి పని వల్ల బయటపడిన భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి. రెండోది ఇంకా ప్రమాదం. బ్రౌజర్ అప్‌డేట్ పేరుతో మాల్‌వేర్ అంటగట్టడం సైబర్ నేరగాళ్లకు పాత విద్యే. అయితే తప్పంతా వినియోగదారుదే అనడం న్యాయం కాదు. కారణం తెలియనివారు సరైన పని ఎలా చేస్తారు?

నిజానికి అప్‌డేట్ ఆగడం చాలాసార్లు రక్షణ వ్యవస్థ తన పని తాను చేసిందనడానికి గుర్తు. సర్వర్ తన గుర్తింపుగా డిజిటల్ సర్టిఫికెట్ చూపుతుంది. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో అందులోనే ఉంటుంది. దిగిన ఫైలుపై డిజిటల్ సంతకాన్నీ కంప్యూటర్ సరిచూస్తుంది. దారిలో ఒక్క బిట్ మారినా సంతకం సరిపోదు, ఫైలు తిరస్కరణకు గురవుతుంది.

పాత డెస్క్‌టాప్‌ల సంగతే చూడండి. కరెంటు లేనప్పుడూ గడియారం నడిచేందుకు మదర్‌బోర్డుపై 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటాయి. బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోవచ్చు. అప్పుడు నిన్న జారీ అయిన సర్టిఫికెట్ ఆ కంప్యూటర్ లెక్కలో ఇంకా పుట్టనే లేదు! చిన్న బ్యాటరీ మారిస్తే తీరే సమస్య ఇది. తెరపై మాత్రం తరచూ ఓ ఎర్రర్ కోడ్ తప్ప మరేమీ కనిపించదు.

మరో కారణం ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 7, 8.1లలో పనిచేసే చివరి క్రోమ్ వెర్షన్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110కి కనీసం విండోస్ 10 కావాలి. అలాంటి కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

పాతదే చాలనుకోవడమూ కుదరదు. ఫైర్‌ఫాక్స్ వాడే ఒక మూల సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14తో ముగిసింది. దాంతో అప్‌డేట్ చేయని పాత వెర్షన్లలో యాడ్-ఆన్‌లు పనిచేయకుండా పోయే పరిస్థితి వచ్చింది.

అందుకే వరుసగా చూసుకోండి. ముందు బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. చాలాసార్లు అప్‌డేట్ దిగే ఉంటుంది, మళ్లీ తెరిచేదాకా అమల్లోకి రాదు. తర్వాత తేదీ, సమయం. ఆపైన డిస్క్‌లో ఖాళీ. చివరగా ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్. కొత్తగా దించుకోవాల్సి వస్తే తయారీ సంస్థ అధికారిక సైట్ నుంచే దించుకోండి. అప్‌డేట్ కావడం లేదని యాంటీవైరస్‌ను శాశ్వతంగా ఆపేయకండి.

ఇక కంపెనీలు చేయాల్సింది ఒకటుంది. ‘మీ కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంది, సరిచేయండి’ అని తెలుగులో ఒక్క వాక్యం చూపడం వాటికి కష్టమేమీ కాదు. బడులు, గ్రంథాలయాలు, కార్యాలయాల్లో ఒకే కంప్యూటర్‌ను ఎందరో వాడతారు. కాబట్టి దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు ఎప్పటిదాకా ఉంది అన్న వివరాలు నిర్వహణ రిజిస్టర్‌లో ఉండాలి. ఆ బాధ్యత కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థిది కాదు.